పిడి కింది తేదీ

కండక్టర్ అడిగితే కర్టెన్ రాడ్ అన్నాడట.
ఉప్పల్ డిపో మెకానిక్ సదయ్య
బొంతలో చుట్టిన మూడడుగుల పొడవును
తార్ణాకలో నా టేబుల్ మీద
జ్వరమొచ్చిన పిల్లను పడుకోబెట్టినట్టు పెట్టాడు.

"మా తాత ఓదెలు, కంచరగాడిదల పల్టన్ల ఉండె.
కోహిమాల జపాన్ కెప్టెన్ను కొట్టి గుంజుకున్నడు.
ఎప్పటిదో, ఏం ధర పలుకుతదో చూడు మేడమ్."

నేను చూసేది కాగితాలు.
పహాణీలు, సేత్వార్లు,
చెదలు సగం చదివేసిన ఫర్మానాలు.
ఫసలీకి అయిదు వందల తొంభై కలపాలి,
జనవరి దాటితే ఇంకొకటి.
అట్లా కలుపుతూనే ముప్ఫై ఏళ్లు గడిపాను.
కత్తి నా శాఖ కాదు.
కానీ ఎప్పటిదో అన్నాడు కదా,
ఆ మాట వింటే నా చెయ్యి ఊరుకోదు.

బురద రంగు ఇనుప ఒర.
పిడి మీద అల్లిన పట్టీ సందుల్లో
సగ్గుబియ్యం పరిచినట్టు తెల్లని చేప చర్మం.
డెబ్బై దసరాల కుంకుమ
ఇత్తడి కట్టు చుట్టూ గడ్డకట్టి ఉంది.
అలుగు మీద ఎక్కడా నంబరు గుద్ది లేదు.
"సిపాయికి సర్కారు ఇచ్చింది కాదు,
ఆఫీసరు కొనుక్కున్నది" అన్నాను.
సదయ్య నిటారుగా కూర్చున్నాడు.

పిడిలో చిటికెన వేలి గోరంత వెదురు మేకు.
బస్సు బుష్ ఊడదీసే చేతులు
దాన్ని రెండే దెబ్బల్లో బయటికి తెచ్చాయి.
పిడి జారింది.
ఎవరి అరచెయ్యీ తాకని నల్లటి ఇనుము.
సదయ్య జేబులోంచి గరుకు కాగితం తీశాడు.
మణికట్టు పట్టుకుని ఆపాను.
వద్దయ్యా,
మెరిసే భాగానికి ఎవరైనా మెరుగు పెట్టొచ్చు,
ఈ తుప్పును మాత్రం కాలమే పెట్టాలి.

పక్క యూనివర్సిటీలో జపనీస్ చెప్పే సుభాషిణి
టిఫిన్ డబ్బా సగంలో మూసి వచ్చింది.
నిలువుగా దిగిన ఉలిగాట్ల మీద
గోరు ఆనించకుండా వేలు నడిపింది.
"ఇది వాళ్ల చక్రవర్తి ఏలుబడి పేరు.
రెండు అడ్డగీతలు, కింద కూడిక గుర్తు. ఇరవై.
ఇంకా కింద మూడు గీతలు,
కాళ్లున్న నిచ్చెన లాంటిది నెల.
మూడో నెల.
పైన ఈ చుక్క నక్షత్రం ముద్ర,
సైన్యం ఒప్పుకున్న ఉక్కు."

ఇరవైకి పంతొమ్మిది వందల ఇరవై అయిదు కలిపాను.
నలభై అయిదు, మార్చి.
నా బీరువాల భాషలో
ఫసలీ పదమూడు వందల యాభై నాలుగు, అర్దీబెహిష్త్.
అక్కడో కమ్మరి ఈ నిచ్చెన చెక్కుతున్నప్పుడు
ఇక్కడో పట్వారీ జొన్నచేను శిస్తు రాసుకుంటున్నాడు.
ఇద్దరి సిరా ఆరడం నా ముందే చూసినట్టు
కాసేపు సంబరపడ్డాను.

"కోహిమా ఎప్పుడు?" సుభాషిణి మెల్లగా అడిగింది.
నలభై నాలుగు. ఎండాకాలం.

ఫ్యాను మూడు చుట్లు తిరిగింది.
తాత గుంజుకున్నాడన్న నాటికి
కత్తి ఇంకా పుట్టలేదు.

"దీంతోని గుమ్మడికాయ సుత కొయ్యనియ్యకపోయేది" అన్నాడు సదయ్య.
"నెత్తురు తాగిన కత్తి గదా, అందుకే అనుకున్నం."

లొంగిపోయాక ఏ రంగూన్ రేవులోనో
కట్టెల మోపుల్లా పేర్చి
తలా ఒకటి తీసుకొమ్మని ఉంటారు.
రెండు దుప్పట్లకు మారిందేమో, పేకాటలో గెలిచాడేమో.
రాసి లేదు.
రాసి లేనిదాన్ని నేను సంతకం పెట్టి ఇవ్వను.

"అంటే తాత ఎవర్నీ చంపలేదా మేడమ్?"
ఆ గొంతులో నష్టం ఎంతో, ఊపిరి ఎంతో
విడదీయడం నాకు చేతకాలేదు.
"ఇనుము తను పుట్టిన నెల చెబుతుంది సదయ్యా.
తాత చేతుల సంగతి దానికేం తెలుసు."

పిడి ఎక్కించాడు. మేకు దిగిందో లేదో
రెండుసార్లు తట్టి చూశాడు.
ధర సంగతి మళ్లీ ఎత్తలేదు.
బొంత చుడుతూ, తల ఎత్తకుండా
"మూడో నెలల ఏ తారీఖు?" అన్నాడు.

తారీఖు వెయ్యలేదు.

"మా తాతకు సుత లేకుండె" అని
ముడి బిగించాడు.